నిద్రించినవారి ఫోల్డర్

మా అమ్మాయి తన పెళ్ళికి తనే అభ్యంతరం చెప్పింది. అదీ చర్చిలో, పాస్టరు అయ్యగారి ఎదుట, కాబోయే అత్తగారు ముందు వరసలో కూర్చుని ఉండగా.

మా సంఘంలో పెళ్ళి కుదిరితే వరసగా మూడు ఆదివారాలు ప్రకటన చదువుతారు. ఫలానా వారి కుమారునికీ ఫలానా వారి కుమార్తెకూ వివాహం నిశ్చయమైంది, న్యాయమైన అభ్యంతరం ఎవరికైనా ఉంటే ఇప్పుడే తెలియజేయవలసింది అని అడిగి, కళ్ళద్దాల పైనుంచి అందరినీ ఒకసారి చూసి, అయ్యగారు కాగితం మడుస్తారు. మూడుసార్లు చదివితేగాని పెళ్ళి చేయరు. ఇరవై రెండేళ్ళుగా సంఘ కార్యదర్శిని నేనే కాబట్టి ఆ కాగితాలన్నీ నా చేతిమీదుగా వెళ్ళినవే. ఇన్నేళ్ళలో ఒక్కరూ నోరు తెరిచింది లేదు. ఆ రోజు రెండో ప్రకటన. అయ్యగారు కాగితం సగం మడిచేశారు కూడా. మా అబిగయీలు లేచి నిలబడింది.

"నాకుంది అయ్యగారూ."

"నీకేందమ్మా? పెళ్ళికూతురివి నువ్వే గదా?"

"రూఫస్ మీద ఏం లేదండీ. మా జయశీల పిన్నికి ఇంతవరకూ కబురు పోలేదు. ఆమె పాత ఫోన్ నంబరు పనిచెయ్యడం లేదు. కంప్యూటర్లో అడ్రస్ పోయిందంటా ఉంది మా అమ్మ. వెతికే పని మాత్రం చెయ్యడం లేదు. పిన్నికి కబురు అందేదాకా మూడోసారి చదవొద్దండీ."

పెళ్ళికొడుకు రూఫస్ నవ్వు ఆపుకుంటూ తల దించుకున్నాడు. ఇందుకూరుపేట నుంచి వచ్చిన అతని తల్లి మెడ తిప్పి నావైపు చూసింది. మా ఆయన జడ్సన్ పైన తిరిగే ఫ్యాన్లను ఎన్నడూ చూడనట్టు చూస్తూ కూర్చున్నాడు. నాకు తల కొట్టేసినట్టయింది.

అయ్యగారు కాసేపు ఆలోచించారు. "అమ్మాయి అడిగిందాంట్లో అన్యాయమేం లేదు. వచ్చే ఆదివారంలోపల సెక్రటరీగారు ఆ సంగతి చూస్తారు" అని కాగితం జేబులో పెట్టుకున్నారు. పెళ్ళి ఆ పై గురువారం. ఆదివారం ప్రకటన ఆగిపోతే పెళ్ళి ఆగిపోయినట్టే.

ఇంటికి రాగానే కొంగు దోపి ఎగిరాను. "నలుగురిలో నా పరువు తీసినావు గదే! ఇంట్లో నోరు లేదా నీకు?"

"ఇంట్లో నాలుగుసార్లు అడిగినా. నాలుగుసార్లూ కంప్యూటర్ చెడిపోయిందన్నావు" అంది అబిగయీలు. "నువ్వు షాపు, చర్చి అని తిరగతా ఉంటే నన్ను ఎత్తుకుని తిరిగింది ఎవరు? జడలేసింది ఎవరు? ఆమె లేకుండా నాకు పెళ్ళేందమ్మా?"

జడ్సన్ రొయ్యల గుంటల్లో నీళ్ళకు గాలి పట్టించే ఏరేటర్లు బాగుచేస్తాడు. ఎంత పెద్ద మోటారు కాలిపోయినా గొంతు పెంచడు. "దాని మీద అరిస్తే అడ్రస్ దొరకదులే రెజీనా" అన్నాడు, చెప్పులు విడుస్తూ.

నాకు ఒళ్ళు మండిపోయింది. వాళ్ళు చెప్పింది నిజం కావడం వల్ల ఇంకా మండింది.

అల్లూరు బస్టాండు ఎదుట మాకొక జెరాక్స్, డీటీపీ షాపు ఉంది. అందులోని పాత కంప్యూటర్లోనే సంఘం చిరునామాలన్నీ పెట్టుకున్నాను, మూడు వందల నలభై మందివి. నెలనెలా సంఘ పత్రికను ఆ ఈమెయిల్ ప్రోగ్రాం నుంచే పంపుతాను. అందరూ ఫోన్లకు ఎక్కినా నేను దాన్ని వదల్లేదు. నెల క్రితం అది పాత మెయిళ్ళను సర్దుకుంటూ ఉండగా కరెంటు పోయింది. అప్పటినుంచి చిరునామాల్లో ఏ ఫోల్డర్ మీద నొక్కినా చిన్న చక్రం ఒకటి తిరుగుతుంది, తెరవడం కుదరడం లేదని ఒక ముక్క చెబుతుంది, ఆ తర్వాత ప్రోగ్రామే మూసుకుపోతుంది.

దాచుకోవడం ఎందుకు, అది చెడిపోయినప్పుడు నాకు ప్రాణం తెరిపిన పడింది. జయశీలకు శుభలేఖ ఎందుకు పంపలేదంటే చెప్పడానికి ఒక కారణం దొరికింది.

జయశీల నా చెల్లెలు. నర్సు. అబిగయీలు చిన్నప్పుడు మా ఇంట్లోనే ఉండేది. ఆ తర్వాత ఒడిశా కొండల్లో ఒక మిషన్ ఆసుపత్రిలో పనిచేసేది. ఏడేళ్ళ క్రితం మా నాన్న సమాధానం మాస్టారు పోయినప్పుడు ఇక్కడ తుఫాను. కరెంటు లేదు. ఫ్రీజర్ పెట్టె తెచ్చినా దానికి జనరేటర్ దొరకలేదు. ఐసు ఫ్యాక్టరీలో కూడా ఐసు అయిపోయింది. రైల్లోంచి జయశీల మూడుసార్లు ఫోన్ చేసింది. "నేనొచ్చేదాకా ఆగండక్కా. నాన్న మొహం ఒక్కసారి చూస్తా" అంది. పెద్దలు వానలో గొడుగులు పట్టుకుని నిలబడి నావైపు చూస్తున్నారు. ఇంకెంతసేపని ఎవరో సణిగారు. ఆ సణుగుడు తట్టుకోలేక కానివ్వండి అనేశాను. సమాధి పూడ్చిన రెండు గంటలకు జయశీల దిగింది. తడి మట్టి మీద చతికిలబడి, "ఇంక నాకు అక్క లేదు" అని అందరి ముందూ అంది. ఆ మాట అనేసి వచ్చిన దారినే వెళ్ళిపోయింది.

మూడు రోజులకు కరెంటు వచ్చింది. నేను షాపు తెరిచి కార్యదర్శిగా నా పని చేశాను. మా సంఘంలో ఎవరైనా పోతే వాళ్ళ చిరునామా చెరిపెయ్యను. 'నిద్రించినవారు' అని వేరే ఫోల్డర్ పెట్టి అందులోకి మారుస్తాను. డిసెంబరు ముప్పై ఒకటి రాత్రి ఆరాధనలో ఆ ఏడాది పోయినవారి పేర్లు చదవాలి గదా, అందుకు. నాన్న పేరు తీసి అందులో పెట్టాను. దుఃఖం కంటే కోపమే ఎక్కువగా ఉంది. తనకు అక్క లేకపోతే నాకు చెల్లెలు మాత్రం ఎందుకు అనుకున్నాను. జయశీల పేరు కూడా తీసి నాన్న కిందే పెట్టాను. తన పాత మెయిళ్ళన్నీ చెరిపేశాను.

అంతటితో అయిపోయిందా అంటే లేదు. మూడేళ్ళ తర్వాత దాని దగ్గరనుంచి నాలుగు ముక్కల మెయిలు వచ్చింది. ఆ ఆసుపత్రి ఎత్తేశారు, రాయగడ దగ్గర వేరే చోట చేరాను, కొత్త అడ్రసు, ఫోన్ నంబరు ఇవి, పత్రిక పంపుతూ ఉండు. నన్ను అక్కా అనలేదు. ఎలా ఉన్నావని అడగలేదు. నాకు మళ్ళీ మండింది. మెయిలు చెరిపేశాను. అయితే కార్యదర్శి బుద్ధి ఎక్కడికి పోతుంది, పాత చిరునామా తప్పని తెలిశాక దాన్ని అలా ఉంచలేను. కొత్త అడ్రసు, నంబరు ఎక్కించాను. అదే ఫోల్డర్లో, నాన్న కింద. ఆ ఫోల్డర్లో ఉన్నవాళ్ళకు పత్రిక వెళ్ళదు.

ఈ సంగతి జడ్సన్‌కు తెలియదు. అబిగయీలుకు అసలే తెలియదు. చిరునామా దొరికితే అది ఎక్కడ దొరికిందో కూడా తెలుస్తుంది. దొరక్కపోతే పిల్ల పెళ్ళి ఆగుతుంది.

సోమవారం పొద్దున్నే షాపు తెరిచి ఆ ప్రోగ్రాంతో కుస్తీ పట్టాను. ఆపి మళ్ళీ పెట్టాను. నొక్కాను, చక్రం తిరిగింది, మూసుకుపోయింది. మధ్యలో ఎవరో ఆధార్ కార్డు జెరాక్స్ అడిగితే వెనక వైపే రెండు కాపీలు తీసిచ్చాను. జయశీల పాత నంబరుకు ఫోన్ చేస్తే ఆ నంబరే లేదంది. దానితో నర్సింగు చదివిన నెల్లూరు ఆవిడను పట్టుకుంటే, "మీ చెల్లెలి అడ్రస్ నన్నడుగుతారేందమ్మా?" అంది. ఫోన్ పెట్టేశాక ఆ మాటే చెవిలో తిరిగింది. కూర్చుంటే లేవాలనిపించేది, లేస్తే ఏం చేయాలో తెలిసేది కాదు. మంగళవారం రెండుసార్లు పాలు పొంగబెట్టాను. బుధవారం నాటికి జడ్సన్ నా కంటబడకుండా గుంటల మీదే అన్నం తినడం మొదలుపెట్టాడు.

మూడు రోజుల్లో ఇందుకూరుపేట నుంచి రూఫస్ తల్లి ఐదుసార్లు ఫోన్ చేసింది. "ఏమ్మా, దొరికిందా?" అనేది. ఐదోసారి, "పందిరివాళ్ళకి ఏం చెప్పమంటావు?" అంది.

ఇక లాభం లేదని బుధవారం సాయంత్రం ప్రోగ్రాం మొత్తం తీసేసి కొత్తగా వేద్దామనుకున్నాను. ఎందుకైనా మంచిదని వినీలకు ఫోన్ చేశాను. వినీల జూనియర్ కాలేజీలో కంప్యూటర్ పాఠాలు చెబుతుంది. ప్రశ్నపత్రాలు నా దగ్గరే టైపు చేయించుకుంటుంది.

"అయ్యో, తీసెయ్యొద్దు రెజీనక్కా! తీసేస్తే ఉన్నవి కూడా పోతాయి. రేపు కాలేజీ అయినాక వస్తా, అందాకా దాన్ని ముట్టుకోవద్దు" అని కేకేసింది. మౌసు మీదనుంచి చెయ్యి తీసేశాను. తీసేసి ఉంటే ఇప్పుడు ఈ కథే లేదు.

గురువారం నాలుగున్నరకు వినీల వచ్చింది. దాని వెనకే అబిగయీలు కూడా వచ్చింది. రొయ్యపిల్లలకు రోగాలున్నాయేమో చూసే ల్యాబులో పని దానికి, ఆ రోజు సెలవు అడిగి మరీ వచ్చిందట. "నువ్వెందుకే?" అన్నాను. "చూద్దామని" అంది. స్టూలు లాక్కుని తెర ఎదురుగా కూర్చుంది. నేను నిలబడే ఉన్నాను.

వినీల ప్రోగ్రాంను తెరవనే లేదు. దాని సామాను ఉండే చోటికి నేరుగా వెళ్ళి, ఫైళ్ళన్నీ ముందు పెన్‌డ్రైవ్‌లోకి ఎత్తుకుని, అక్కడ ఒక్కొక్కటే చూడసాగింది. పావుగంట గడిచింది. బయట నెల్లూరు బస్సు వచ్చి వెళ్ళింది. ఇద్దరు కస్టమర్లు వస్తే కరెంటు లేదని పంపేశాను, నెత్తిమీద ఫ్యాను తిరుగుతుండగానే.

"ఇదిగోక్కా, తెలిసింది" అంది వినీల. "మీ అడ్రసులు ఒక ఫైల్లో లేవు, రెండింట్లో ఉండాయి. పెద్దది మాత్రం మొత్తం తుడిచిపెట్టుకొని పోయింది. లోపల అక్షరం ముక్క లేదు. దాన్ని తెరవబొయ్యే ప్రోగ్రాం పడిపోతా ఉండాది. రెండోది చిన్నది, దానికేం కాలేదు. పేరు నిద్రించినవారు అని ఉంది. అంటే ఎవరక్కా?"

నేను జెరాక్స్ మిషన్ మీద దుమ్ము తుడవసాగాను. అబిగయీలే చెప్పింది. "పోయినవాళ్ళు మేడమ్. మావాళ్ళు ప్రభువునందు నిద్రించినారు అంటారు. ఏడాది చివర్లో పేర్లు చదవడానికి అమ్మ విడిగా పెట్టుకుంటది."

"అయితే అది మనకెందుకులే" అని వినీల మౌసు కదిపింది. "బతికుండే వాళ్ళ ఫైలే పోయిందక్కా. సారీ. ఇంక చేసేదేం లేదు."

అబిగయీలు మొహం వాడిపోయింది. చేతిలో ఫోన్‌ను అటూ ఇటూ తిప్పుతూ కూర్చుంది. నేను మాట్లాడకపోతే చాలు. చెడిపోయింది కంప్యూటరే, పాపం అమ్మ ఏం చేస్తుంది అని పిల్లే సర్దుకుంటుంది. అయ్యగారికి ఆ మాటే చెప్పుకోవచ్చు. మూడో ప్రకటన చదివిస్తారు. పెళ్ళి జరిగిపోతుంది, చెల్లెలు లేకుండా. వానలో నిలబడి కానివ్వండి అన్నప్పుడు కూడా నేను ఇలాగే అనుకున్నాను, అయిపోతుందిలే అని. ఏడేళ్ళయినా అది అయిపోలేదు.

"వినీలా, మూయొద్దు. ఆ ఫైలు తెరువు" అన్నాను.

"పోయినవాళ్ళది గదక్కా?"

"తెరువమ్మా."

తెరిచింది. గీతలు, గుర్తులు, వాటి మధ్య పేర్లు. అల్లూరులో నేను పూలు వేసి సాగనంపిన మనుషులంతా వరసగా ఉన్నారు. వినీల కిందికి జరుపుతూ పోయింది. సమాధానం మాస్టారు అనే పేరు వచ్చింది. నాన్నకు ఈమెయిలు నేనే పెట్టించాను. పత్రిక రాగానే ఫోన్లో అక్షరాలు పెద్దవి చేసుకుని, తప్పులు వెతికి నాకు చెప్పేవాడు. ఆ కింది పేరు దగ్గర అబిగయీలు వేలు తెర మీదికి వెళ్ళి ఆగింది.

జయశీల. రాయగడ అడ్రసు, ఫోన్ నంబరు, అన్నీ ఉన్నాయి.

అబిగయీలు నావైపు తిరిగింది. తిడితే బాగుండేది. వినీల గబగబా బ్యాగు సర్దుకుని, కాలేజీలో ఏదో మరిచిపోయానంటూ వెళ్ళిపోయింది.

"ఎప్పుడు పెట్టినావు?" అంది అబిగయీలు.

"తాత పేరు దీన్లో పెట్టిన రోజే."

"చెయ్యెట్టా వచ్చిందమ్మా నీకు?"

"కోపంలో వచ్చింది. ఆ తర్వాత తియ్యడానికి సిగ్గేసింది" అన్నాను. అంతకంటే నిజమైన మాట నా దగ్గర లేదు.

అది తన ఫోన్లో ఆ నంబరు నొక్కి, నా చేతిలో పెట్టింది.

నాలుగుసార్లు మోగాక తీశారు. "హలో?" ఆ గొంతేమీ మారలేదు.

"జయా, నేను. రెజీనాని."

అవతల ఏదో బండి తోసుకుంటూ వెళ్ళిన చప్పుడు. అది కూడా ఆగిపోయింది. "ఎవరు పోయినారు?" అంది జయశీల.

ఏడేళ్ళ తర్వాత నా గొంతు వింటే దానికి తోచింది అది. "ఎవరూ పోలేదు. అబిగయీలు పెళ్ళి. నువ్వు లేకుండా చేసుకోనని చర్చిలో నిలబడి అభ్యంతరం చెప్పింది."

అది నవ్వబోయి ఆపుకుంది. "నా నంబరు ఎట్టా దొరికింది నీకు? నా మెయిల్‌కి జవాబు లేదు. పత్రిక కూడా పంపలేదు."

అబద్ధం చెప్పడానికి ఇక ఓపిక లేదు. "నిద్రించినవాళ్ళ ఫోల్డర్లో దొరికింది. నిన్ను దాన్లో పెట్టినా. ఇన్నాళ్ళూ నువ్వు దాన్లోనే ఉండావు. మిగతా అందరివీ పోయినాయి, ఆ ఒక్క ఫైలే మిగిలింది. తప్పు నాదే జయా. నాన్న దగ్గర కూడా ఇంకో పూట ఆగుండొచ్చు. నేనే ఆగలేదు."

"దాన్లో నా పైన ఎవరుండారు?" అంది జయశీల.

"నాన్న."

"మధ్యలో?"

"ఎవరూ లేరు. నాన్న కిందే నువ్వు."

అది ఏడ్చింది. చర్చి కార్యదర్శిని, బస్టాండు ఎదుట తలుపులు తెరిచి ఉన్న షాపులో నేనూ ఏడ్చాను. "ఫోన్ పిల్లకియ్యి" అంది జయశీల. అబిగయీలు ఫోన్ తీసుకుని బయటికి పోయింది. అరగంట మాట్లాడింది. లోపలికొచ్చి, "పిన్ని ఎల్లుండి బయల్దేరతా ఉంది. ఆదివారం పొద్దున కావలిలో దిగుతుందంట" అంది. నాకోసం ఆగకుండా ఇంటికి వెళ్ళిపోయింది.

ఆదివారం తెల్లవారగానే జడ్సన్ పక్కింటివాళ్ళ కారు తీసుకుని కావలి వెళ్ళాడు. రైలు గంటన్నర ఆలస్యం. ఆరాధన మొదలైంది. పాటలు, వాక్యం, కానుక అన్నీ అయిపోయాయి. నా కళ్ళు తలుపు మీదే ఉన్నాయి. అయ్యగారికి పన్నెండింటికి ఇస్కపల్లిలో ఇంకో ఆరాధన ఉంది. పదకొండుంబావుకు ఆయన జేబులోంచి కాగితం తీశారు. మూడో ప్రకటన చదివి, అభ్యంతరం ఎవరికైనా ఉంటే చెప్పమని, ముందుగా అబిగయీలు వైపే చూశారు.

అబిగయీలు లేచింది. చేతిలోని ఫోన్ పైకెత్తింది. స్పీకర్లోంచి కారు హోరు, దాని మీదుగా జయశీల గొంతు.

"నాకుందండీ అయ్యగారూ. మేం బిట్రగుంట దాటినాం. ఈసారన్నా నేనొచ్చేదాకా ఆగండి."

ఆ మాట ఎవరికి తగలాలో వాళ్ళకే తగిలింది. వెనక వరసల్లో ఎవరో గొంతు సవరించుకున్నారు. ఒక పెద్దాయన వాచీ చూసుకుంటూ, "ఎండ ముదరతా ఉంది, ఇంకెంతసేపు?" అని సణిగాడు. ఆ రోజు వానలో సణిగిన గొంతూ ఇదేనేమో, నాకు తెలియదు. నేను లేచి నిలబడ్డాను.

"ఎంతసేపైనా ఆగుదామండీ. ఆ రోజు దాని కోసం ఆగనీకుండా చేసింది నేనే. ఇయ్యాళ ఆగాల్సిందే" అన్నాను.

అయ్యగారు కాగితం మడవలేదు. బల్ల మీద పరిచిపెట్టి, ఇస్కపల్లికి ఫోన్ చేసి ఆలస్యమవుతుందని చెప్పారు. చర్చిలో పాటలు పాడించే రెబెక్కమ్మ పాట ఎత్తుకుంది. నేను సంచిలోంచి పొడుగు నోటుబుక్కు తీసి ముందు వరసకు ఇచ్చాను. పోయిన చిరునామాలు ఎలాగూ మళ్ళీ రాసుకోవాలి. పై గీత జయశీలకు వదిలేసి, దాని కిందనుంచి రాయండని చెప్పాను. పుస్తకం చేతులు మారుతూ వెనక్కి వెళ్ళింది. రెండో పాటా, మూడో పాటా అయిపోయాయి.

నాలుగో పాటలో బయట కారు తలుపు పడిన చప్పుడైంది. అబిగయీలు కంటే ముందు నేనే పరుగెత్తాను. గడపలో జయశీల. జుట్టు సగం నెరిసింది. చెప్పులు విడుస్తూ నా మొహంలోకి చూసింది.

"ఆగినారా?" అంది.

"ఆగినామే" అన్నాను.